చూరు కింద తేనె

తేనె తీయడమంటే మన గూడేల్లో మగవాళ్ల పని. కొండ చరియకు వేలాడే పెద్ద పట్టు కోయాలంటే తాడు కావాలి, పొగ కావాలి, చీకటి రాత్రి కావాలి, పైన తాడు పట్టుకుని నిలబడే నమ్మకమైన మనిషి కావాలి. ఆడవాళ్లు ఆ పట్టును పిండి, గుడ్డలో వడగట్టి, సీసాలకు పోసి సంతకు మోస్తారు. సంతలో వచ్చిన డబ్బు ఎవరి జేబులో పడుతుందో మీకు మేము చెప్పక్కర్లేదు.

అయితే తాడూ పొగా అక్కర్లేని ఈగ ఒకటి మన ఇళ్లలోనే ఉంది. గోడ పగులులో, చింత తొర్రలో, పాత తలుపు చట్రంలో, ఒక్కోసారి కరెంటు మీటరు పెట్టెలో కాపురం పెడుతుంది. నల్లగా, దోమంత ఉంటుంది. కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. గూటి గుమ్మానికి మైనంతో చేసిన చిన్న గొట్టం బయటికి పొడుచుకుని ఉంటుంది, దాని చుట్టూ నాలుగైదు ఈగలు కాపలా కాస్తుంటాయి. కుట్టదు. కుట్టే ముల్లు ఉండాల్సిన చోట ఉందో లేదో అన్నంత చిన్న ముక్క మిగిలింది, అంతే. కోపమొస్తే జుట్టులో దూరి, చెవిలో దూరి, పళ్లతో కొరుకుతుంది. దీనికి ఊరూరికీ ఒక పేరుంది కాబట్టి ఇక్కడ కుట్టని ఈగ అనే అందాం. శాస్త్రం చదివినవాళ్లు మన వైపు ఎక్కువగా కనిపించే రకాన్ని టెట్రాగొనులా ఇరిడిపెన్నిస్ అంటారు. ప్రపంచమంతటా ఇలాంటి కుట్టని రకాలు 500కు పైగా ఉన్నాయి.

మేమంటే రంపచోడవరం ఏజెన్సీలో ఒక చిన్న బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లం. ఇద్దరం కోయవాళ్లమే, ఇద్దరం డైట్‌లో రెండేళ్లు చదివి వచ్చినవాళ్లమే. తేనెటీగల గురించి అక్కడ మాకు ఎవరూ చెప్పలేదు. ఇందులోకి మమ్మల్ని లాగింది మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అత్త.

బడి గోడలకు కొత్తగా సిమెంటు పూత వేయడానికి మేస్త్రీ వచ్చాడు. వంటగది వెనక గోడలో పగులు, ఆ పగులులో ఈ ఈగల గొట్టం. మేస్త్రీ తాపీతో సిమెంటు తీసి మూసెయ్యబోయాడు. అత్త గరిటె పట్టుకునే బయటికొచ్చి, "అది నీ అన్నం తింటుందా, నీ నీళ్లు తాగుతుందా? ఆ జానెడు వదిలెయ్యి" అంది. మేస్త్రీ నవ్వి వదిలేశాడు. ఆ జానెడు చోటు ఇప్పటికీ పూత లేకుండానే ఉంది. పై అధికారులు వచ్చినప్పుడల్లా అదేమిటని అడుగుతారు. మేము ఆ గొట్టం చూపిస్తాం.

ఆ సాయంత్రం అత్తను అడిగాం, దీని తేనె ఎలా తీస్తారని. "గోడ పగలగొట్టి" అంది. "చెట్టయితే?" "చెట్టు కొట్టి." అలా తీస్తే వచ్చేది గ్లాసెడు తేనె. పోయేది ఈగల కాపురం, గోడ, చెట్టు. పిల్లలకు దగ్గొస్తే మందుకని ఎప్పుడో ఏడాదికొకసారి చేసే పని కాబట్టి ఎవరూ లెక్క వేసుకోలేదు. మేము ఆడవాళ్లకు నేర్పినదల్లా ఒక్క మాటలో చెప్పాలంటే ఇదే: ఆ గ్లాసెడు తేనె తీసుకుని కాపురాన్ని మిగల్చడం. చెప్పడానికి ఒక్క మాటే. చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది.

అంతకుముందు మా గూడేనికి ఒక శిక్షణ వచ్చి వెళ్లింది. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. టెంటు వేశారు, బ్యానరు కట్టారు, మెలిపోనీకల్చర్ అన్న మాట ఇరవై సార్లు అన్నారు. పొదుపు సంఘంలోని ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి ఫొటో తీశారు, భోజనం పెట్టారు, తలా ఒక చెక్క పెట్టె ఇచ్చారు. పెట్టెలో ఈగలు లేవు. ఈగలు ఎక్కడివని ఒకామె అడిగితే "అడవిలో ఉంటాయి కదమ్మా, పట్టుకోండి" అన్నారు. ఆ మాట విని కుర్రాళ్లు ఇద్దరు గొడ్డలి పట్టుకుని వెళ్లి తొర్రలున్న చెట్లు రెండు పడగొట్టారు. ఒక గూట్లో రాణి నలిగిపోయింది, ఇంకోదాన్ని రాత్రికి రాత్రే చీమలు తినేశాయి. ఏడాది తిరిగేసరికి ఆ పెట్టెల్లో ఉల్లిపాయలు ఉన్నాయి. ఒక ఇంట్లో కోడి పొదిగింది. ఆ పెట్టె నిజంగా పనికొచ్చింది.

పెట్టె ఇచ్చినవాళ్లను తిట్టడం కోసం ఇదంతా చెప్పడం లేదు. ఈగ గురించి చాలావరకు తెలిసినవాళ్లు ఆ టెంటు కిందే కూర్చుని ఉన్నారు. వాళ్లను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఏ గోడలో గూడుంది, ఏ నెలలో ఏ చెట్టు పూస్తుంది, గొట్టం మెత్తగా ఉంటే లోపల ఏమిటి, ఎండి పెళుసుగా ఉంటే ఏమిటి, ఇవన్నీ మన ఆడవాళ్లకు తెలుసు. తెలియనివి రెండే. ఒకటి, గూడు పగలకుండా లోపలికి ఎలా వెళ్లాలి. రెండు, ఒక గూటిని రెండు ఎలా చెయ్యాలి. ఆ రెండూ మాకూ తెలియవు. కేరళలో ఇంటింటా చూరు కింద బొంగుల్లో, కుండల్లో ఈ ఈగల్ని పెంచుతారు, ఆ తేనెను చెరుతేన్ అంటారు. అక్కడివాళ్లు రాసినవి చదివి, వీడియోలు చూసి, అర్థమైనంత కోయలో చెప్పుకుంటూ, అత్తతో కలిసి బడి వెనక గోడ దగ్గరే మొదలుపెట్టాం.

గోడ పగలకొట్టనక్కర్లేని ఉపాయం ఒకటుంది. గూటి గొట్టానికి వేలు లావు ప్లాస్టిక్ పైపు ఒకటి తొడగాలి. పైపు రెండో కొసను చెక్క పెట్టెలోకి దూర్చాలి. పెట్టెకు అవతలి వైపు చిన్న రంధ్రం చేసి, పాత గుమ్మం దగ్గరి మైనం కొంచెం గీకి దాని చుట్టూ పుయ్యాలి. ఇల్లు వాసన పట్టి అవి గుర్తుపడతాయి. పైపు చుట్టూ సందు లేకుండా మెత్తిన మట్టి ఒత్తాలి. ఇక ఈగలు బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా పెట్టెలోంచే నడవాలి. రోజూ నడిచే దారి పక్కన ఖాళీ చోటు కనిపిస్తే మనం పాక వెయ్యమూ? అవీ అంతే. మొదట మైనం తెచ్చి పెడతాయి, తర్వాత తేనె దాస్తాయి, తర్వాత పిల్లల గదులు కడతాయి. కొన్ని మూడు నాలుగు నెలల్లో కట్టాయి. ఒక గూడైతే ఏడాదంతా పెట్టెను దారిగానే వాడుకుంది, ఒక్క గది కట్టలేదు. దాన్ని అలాగే వదిలేశాం. పెట్టెలో పిల్లల గదులు బాగా పెరిగి, వాటిలో రాణి గది కూడా కనిపించాక పైపు తీసేస్తాం. గోడలో పాత కాపురం పాత రాణితో ఉంటుంది, పెట్టెలో కొత్త కాపురం మొదలవుతుంది.

పెట్టె పెద్దది అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్లు పట్టేంత చోటు చాలు. చెక్క కొనలేనివాళ్లు లావు వెదురు బొంగు ఒక కణుపు తీసుకుని, నిలువునా రెండు బద్దలు చేసి, మళ్లీ మూసి తీగతో కట్టారు. నిజానికి మా ఆడవాళ్లకు బొంగే నచ్చింది. వడ్రంగి అవసరం లేదు, విప్పడం తేలిక, చూరుకు వేలాడదీస్తే చీమలకు ఒకే దారి ఉంటుంది. ఆ కట్టుతీగకు పాత నూనె గుడ్డ చుడితే ఆ దారీ మూసుకుపోతుంది. ఎండ నేరుగా పడకూడదు, వాన జల్లు కొట్టకూడదు, బల్లి పొంచి కూర్చునే చోటు కాకూడదు. ఇంతకుమించి నియమాలు లేవు.

మొదటి బొంగు విప్పిన రోజు ఆరుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. పెద్ద తేనెటీగ పట్టు చూసి అలవాటైన కళ్లకు ఇది వేరే లోకం. ఇక్కడ పట్టు లేదు. ఒక పక్క ఆవగింజల గుత్తిలా పిల్లల గదులు. ఇంకో పక్క మన పిల్లలు ఆడుకునే గురుగుల్లాంటి చిన్న చిన్న కుండలు, కొన్నింట్లో తేనె, కొన్నింట్లో పుప్పొడి. అన్నీ మైనంలో చెట్టు జిగురు కలిపి కట్టినవి. ఇంగ్లీషులో దీన్ని డామర్ ఈగ అంటారు, డామర్ అంటే గుగ్గిలంలాంటి జిగురు. ఆ మాట చెప్పగానే ఒకామె బొంగు వాసన చూసి "అవును, గుగ్గిలం వాసనే" అంది. అప్పటినుంచి ఆ పాఠం మేము చెప్పక్కర్లేకపోయింది.

పెద్ద తేనెటీగల్లో పిల్లకు రోజూ తిండి పెడతారు. వీటిలో అలా కాదు. గది కట్టి, గది నిండా తిండి పోసి, దాని మీద రాణి గుడ్డు పెట్టాక తలుపు మూసేస్తారు. పిల్ల లోపలే తిని, లోపలే పెరిగి, పెద్దదై బయటికి వస్తుంది. ఇది విని మా అత్త "పోడుకు పోతూ పిల్లకు గంజి పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేసి పోయినట్టు" అంది. శిక్షణ పుస్తకాల్లో దీనికి పెద్ద మాట ఉంది. మాకు అత్త మాటే మిగిలింది, పిల్లలకూ అదే చెబుతున్నాం.

రాణి సంగతి ఇంకా బాగుంటుంది. పెద్ద తేనెటీగల గూడు రెండుగా చీలితే ముసలి రాణి ఇల్లు కూతురికి వదిలి తాను బయటికి పోతుంది. ఈ కుట్టని ఈగల్లో ముసలి రాణి పొట్ట బాగా పెరిగి ఎగరలేదు. అందుకని తల్లి ఇంట్లో ఉంటుంది, కూతురు కొత్త ఇంటికి పోతుంది. పోయేది ఊరికే పోదు. ముందే పనివాళ్లు కొత్త తొర్ర వెతికి, పాత ఇంటినుంచి మైనం, తేనె మోసుకెళ్లి అక్కడ సర్దుతారు. కూతురు వెళ్లాక కూడా కొన్నాళ్లపాటు పుట్టింటినుంచి మోత సాగుతూనే ఉంటుంది. ఇది చెప్పిన రోజు వాళ్లు ఎంతసేపు నవ్వారో! మనలో ఓలి ఉంది కానీ కట్నం లేదు కదా, అయినా పెళ్లయిన పిల్లకు చిక్కుడు గింజలని, కోడిపెట్ట అని, సామలని ఏదో ఒకటి పంపుతూనే ఉంటాం. "ఈగ మన కులమే" అని ఒకామె తేల్చేసింది.

ఈ మాటలన్నీ బడి వరండాలో, పొద్దు గుంకాక, జీడి తోట పనుల నుంచి వాళ్లు వచ్చాక జరిగేవి. పగలు పెట్టే శిక్షణకు కూలి మానుకుని రావాలి. ఆ కూలి ఎవరిస్తారు? టీచర్లుగా ఉన్న మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మన ఆడవాళ్లకు నేర్పాలంటే ముందు వాళ్ల పొద్దు ఎలా గడుస్తుందో చూసుకుని గంట కొట్టాలి. భాష కూడా అంతే. తెలుగులో అడిగితే తల ఊపుతారు. కోయలో అడిగితే వాదిస్తారు. వాదించినప్పుడే వాళ్లకు వచ్చిందని మేము అనుకుంటాం.

ఇక డబ్బు. ఇక్కడ మెత్తగా మాట్లాడితే మోసం చేసినట్టే. ఒక పెట్టెకు ఏడాదికి పావు కిలోనుంచి అర కిలో తేనె వస్తే మంచి పెట్టె అనుకోవాలి. కిలో వచ్చే గూడు అరుదు. పది పెట్టెలున్న ఇల్లు, పెట్టెకు అర కిలో చొప్పున ఐదు కిలోలు తీసింది అనుకుందాం. కిలో 1,500 రూపాయలకు అమ్ముడైతే 7,500. ఏడాదికి! నెలకు చూసుకుంటే 625. దీంతో ఇల్లు గడవదు. పోడు మానెయ్యమని, జీడి తోట మానెయ్యమని మేము ఎవరికీ చెప్పలేదు. లక్షలు వస్తాయని ఎవరైనా మీ ఊరికి వచ్చి చెబితే, వాళ్లు పెట్టెలు అమ్ముకోవడానికి వచ్చారని అర్థం చేసుకోండి.

మరి ఎందుకు? ఆ 7,500 ఆడమనిషి చేతికి వస్తుంది కాబట్టి. ఇంటి చూరు కింద, వంట చేసుకుంటూ, పిల్లను చూసుకుంటూ చేసిన పనికి వస్తుంది. పెట్టుబడి ఒక బొంగు, మూరెడు తీగ. ఈగకు మేత కొనక్కర్లేదు. మా గూడెంలో ఒకామె ఆ డబ్బుతో కూతుర్ని ఇంటర్మీడియట్‌లో చేర్చడానికి కావాల్సిన పెట్టె, బట్టలు, బస్సు చార్జీలు పెట్టుకుంది. మొగుణ్ణి అడగలేదు. అడగకుండా పెట్టగలగడం ఆమెకు కొత్త. ఆ సంగతి ఆమె మాకు మూడుసార్లు చెప్పింది.

రెండో లాభం తూకానికి రాదు. మన ఏజెన్సీలో జీడిమామిడి ఎంత ఉందో మీకు తెలుసు. జీడి పూత పిందె కట్టాలంటే పూలమీద పురుగులు, ఈగలు తిరగాలి. ఈ ఈగ దూరం పోదు, మూడు నాలుగు వందల మీటర్ల లోపలే తిరుగుతుంది. అంటే ఎవరి చూరు ఈగ వాళ్ల తోటలోనే ఎక్కువ పని చేస్తుంది.

గొడవ వచ్చింది కూడా అక్కడే. జీడి చిగురును, పూతను టీ దోమ పీల్చేస్తుంది. పూత నల్లబడి మాడిపోతుంది. దానికి మందు కొడతారు, సరిగ్గా పూత మీదే, సరిగ్గా ఈగలు తిరిగే పొద్దున. ఒక మాఘ మాసం ఒకామె పెట్టెలు నాలుగూ ఒకే రోజు చప్పుడు లేకుండా అయిపోయాయి. బొంగుల కింద నేలమీద నల్ల ఆవాలు పోసినట్టు చచ్చిన ఈగలు. మందు కొట్టింది పక్క తోటవాళ్లు, ఆమెకు సొంత మరిది. తిట్టుకోవడం, ఏడవడం అయ్యాక ఆడవాళ్లు ఒక్కటై వచ్చి గ్రామ పెద్దల దగ్గర కూర్చున్నారు. మందు వద్దని వాళ్లు అనలేదు. జీడిపిక్కలే ఆ ఇళ్లకు అసలు రాబడి, ఆ సంగతి వాళ్లకంటే ఎవరికి తెలుసు? వాళ్లు అడిగినవి మూడు. కొట్టే ముందురోజు కబురు చెప్పాలి. ఈగలు గూటికి చేరాక, సాయంత్రం కొట్టాలి. పూత విచ్చకముందే అవసరమైతే కొట్టి, విచ్చుకున్న పూల మీద వీలైనంత మానాలి. కబురు అందితే పెట్టె మూతికి దోమతెర గుడ్డ కట్టి మర్నాడు పొద్దెక్కేదాకా ఆపుతామన్నారు. పెద్దలు ఒప్పుకున్నారు. అందరూ పాటిస్తున్నారని చెప్పలేం. ఆ మరిది మాత్రం పాటిస్తున్నాడు.

తేనె ఎప్పుడు తియ్యాలన్న దానికి వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనం మామిడి కొత్త చెయ్యకుండా మామిడికాయ ముట్టం. చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడు ముట్టం. అలాగే అందరూ అనుకున్న రోజు రాకుండా ఎవరూ బొంగు విప్పకూడదు. వేసవి పూత అయిపోయి, వానలు మొదలుకాకముందు ఆ రోజు పెడతారు. దీనికి ఎవరో "తేనె కొత్త" అని పేరు పెట్టారు. డబ్బు అవసరం వచ్చినప్పుడల్లా ఒకరు తీసుకుంటూ పోతే వానాకాలంలో ఈగలకు తిండి ఉండదు. రిజిస్టర్లో రాసి సంతకాలు పెట్టించుకున్నా నిలవని నియమం, కొత్త పండగ పేరు పెట్టగానే నిలిచింది.

తీసే రోజు నిప్పు లేదు, పొగ లేదు. తల చుట్టూ పల్చటి చీర కొంగు కట్టుకుంటారు, జుట్టులో దూరకుండా. తేనె గురుగుల్ని శుభ్రం చేసిన పుల్లతో పొడిచి, బొంగును వంచి, పల్చటి గుడ్డమీదుగా గాజు సీసాలోకి ఒంపుతారు. పిల్లల గదుల జోలికి పోరు. పుప్పొడి గురుగులు ముట్టరు, ముడితే తేనె త్వరగా చెడుతుంది, పిల్లలకు తిండీ పోతుంది. తేనె గురుగుల్లో మూడో వంతు వదిలేస్తారు. తర్వాత కారిన తేనె తుడిచి, బొంగు మూసి, చీమ రాకుండా మట్టి మెత్తుతారు. చీమ ఒక్క రాత్రి చాలు. గూడు బలహీనంగా ఉన్నప్పుడు వచ్చే చిన్న ఈగ ఇంకొకటుంది, సందులో దూరి గుడ్లు పెడుతుంది, దాని పురుగులు గూడంతా తినేస్తాయి. అందుకే సందు మూయడంలో ఆలస్యం పనికిరాదు.

ఇప్పుడు సంత. మొదటి ఏడాది సీసాలు పట్టుకెళ్తే వ్యాపారి వేలితో నాకి "పులిసింది, నీళ్లు కలిపారు" అని పక్కన పెట్టాడు. నీళ్లు కలిపింది ఎవరూ లేరు. ఈ తేనె పుట్టుకతోనే పల్చన, పుట్టుకతోనే కాస్త పులుపు. మామూలు తేనెకు అంతర్జాతీయ ప్రమాణం తేమ 20 శాతం దాటకూడదని చెబుతుంది. ఈ తేనెలో అది సహజంగానే దాటుతుంది. కొలబద్ద ఒక ఈగకు తయారు చేసి ఇంకో ఈగ మీద పెడుతున్నారన్నమాట. మలేసియావాళ్లు ఈ సంగతి గమనించి కుట్టని ఈగల తేనెకు 2017లో వేరే ప్రమాణం రాసుకున్నారు. 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తలు ఈ తేనెల్లో ట్రెహాలులోజ్ అనే అరుదైన చక్కెర ఎక్కువగా ఉందని కనుక్కున్నారు. రక్తంలోకి అది నెమ్మదిగా చేరే చక్కెర. ఇవన్నీ మా ఆడవాళ్లకు చెప్పాం. వాళ్లు ఆ మర్నాటి సంతలో వ్యాపారికి చెప్పింది మాత్రం ఇంకోలా: "చింతపండు తియ్యగా లేదని తీసుకోవడం మానేస్తావా?"

తడి ఎక్కువ కాబట్టి నురగ కడుతుంది, మూత బిగిస్తే సీసా పగులుతుంది. చిన్న సీసాలు, చల్లటి చోటు, త్వరగా అమ్మడం, మేము చూసిన దారి ఇదే. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన అటవీ ఉత్పత్తులు కొంటోంది, తేనె కూడా. కానీ కొద్దిగా వచ్చే ఈ పుల్ల తేనెను పెద్ద ఈగ తేనె డబ్బాలో కలిపి అదే ధరకు పోసెయ్యడం దండగ. మా గూడెం ఆడవాళ్లు ఇప్పుడు వంద గ్రాముల సీసాల్లో, మారేడుమిల్లి రోడ్డున పోయేవాళ్లకు, తెలిసినవాళ్ల తెలిసినవాళ్లకు అమ్ముతున్నారు. అన్నీ అమ్ముడుపోతున్నాయి. ఎందుకంటే ఉన్నవే కొన్ని.

ఒక హెచ్చరిక. అమ్మేటప్పుడు షుగరు తగ్గుతుందని, కంటి జబ్బు పోతుందని చెప్పొద్దు. మనవాళ్లు దగ్గుకు వాడతారు, అది మన అలవాటు, అంతవరకు చెప్పొచ్చు. మన గూడేల్లో పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే అలవాటు కూడా ఉంది. ఏ తేనె అయినా సరే, ఏడాది నిండని బిడ్డకు పెట్టకూడదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి గింజలు పెద్దవాళ్లను ఏమీ చెయ్యవు, పసిబిడ్డ పేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, బిడ్డ ఒళ్లు చచ్చుబడుతుంది. ఇది ముసలమ్మలకు చెప్పడం అన్ని పాఠాలకన్నా కష్టమైంది. "నిన్నూ అలాగే పెంచాను" అన్నవాళ్లతో వాదించలేం. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఏడాది నిండిన రోజున నాకించండి అని బతిమాలాం. కొందరు వింటున్నారు.

దూరదేశపు ఆదివాసుల కథ ఒకటి ఆడవాళ్లకూ పిల్లలకూ బాగా నచ్చింది. మెక్సికోలో మాయా జాతివాళ్లు తెల్లవాళ్లు రాకముందునుంచే కుట్టని ఈగల్ని బోలు దుంగల్లో పెంచుతున్నారు. వాళ్ల పాత చిత్రలిపి పుస్తకంలో ఈగల బొమ్మలు ఉన్నాయి. వాళ్ల భాషలో ఆ ఈగ పేరుకు దొరసాని ఈగ అని అర్థం. అదే దేశంలో క్వెట్జాలన్ కొండల్లో నావా జాతివాళ్లు రెండు మట్టికుండలు మూతికి మూతి ఆనించి, అతికి, అందులో ఇంకో రకం కుట్టని ఈగను పెంచుతారు. "మన ఈగేనా?" అని ఒక పిల్ల అడిగింది. అదే కాదు, మేనత్త కూతురు వరస అని చెప్పాం. మర్నాడు ఆ పిల్ల వాళ్లమ్మ రెండు పాత కుండలు తెచ్చి వరండాలో పెట్టింది. ఇప్పుడు మా బడి వెనక ఒక కుండ గూడు కూడా ఉంది.

బడి పిల్లలకు ఇది లెక్కల పాఠం అయింది. ఒక నిమిషంలో ఎన్ని ఈగలు లోపలికి వస్తున్నాయి, అందులో ఎన్నిటి కాళ్లకు పుప్పొడి ముద్దలున్నాయి, పొద్దున ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని, మబ్బు పట్టిన రోజు ఎన్ని. నాలుగో తరగతి పిల్లలు గీసిన పట్టికలు చూసి వాళ్లమ్మలు తమ పెట్టెలకూ లెక్క రాయమని పిల్లల్ని అడగడం మొదలుపెట్టారు. తర్వాత ఇద్దరు తామే రాసుకుంటున్నారు. ఒకామెకు అక్షరాలు రావు. పెట్టెకో గీత, పూతకో ఆకు బొమ్మ, మందు కొట్టిన రోజుకు నల్ల చుక్క, ఇలా ఒక నోటుపుస్తకం నింపింది. అది చదవడం మాకూ నేర్పింది.

యువకులతో ఒక మాట చెప్పాలి, కొంచెం గట్టిగానే. ఈ తేనెకు ధర ఉందని తెలిశాక బయటివాళ్లు గూళ్లే కొంటామని వస్తున్నారు, గూటికింత అని. బండి మీద అడవికి పోయి, తొర్ర చీల్చి, గూడు సంచిలో వేసుకుని వచ్చి అమ్మే కుర్రాళ్లు మన వాళ్లలోనే తయారయ్యారు. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్న తరహా అటవీ ఉత్పత్తులుగా లెక్కలో చేర్చి, వాటిని సేకరించుకునే, అమ్ముకునే హక్కు మనకిచ్చింది. అదే చట్టం అడవిని, అందులోని జీవాలను కాపాడుకునే అధికారం గ్రామసభకిచ్చింది. రెండో ముక్క కూడా చదవండి. తొర్రలున్న చెట్టు కావాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలుసు కదా. మా గూడెంలో ఆడవాళ్లు పెట్టుకున్న కట్టు ఇది: ఈగ గోడనుంచి రావాలి, లేదా ఇంకో పెట్టెనుంచి రావాలి. అడవినుంచి రాకూడదు. గాలివానకు చెట్టు తనంతట తాను పడిపోయి, గూడు నేలకు వస్తే తెచ్చుకోవచ్చు. మొదట ఒప్పుకోనివాళ్లు ఇద్దరున్నారు, ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లు ఒకరున్నారు.

పెట్టెనుంచి పెట్టె చేయడం వచ్చాక అడవి అవసరం నిజంగానే తగ్గింది. పూత బాగున్న రోజుల్లో, పిల్లల గదులు దండిగా ఉన్న బొంగును చూసుకోవాలి. గుత్తి అంచున మిగతావాటికంటే పెద్దగా ఒకటో రెండో గదులు కనిపిస్తాయి, అవి రాణి గదులు. ఆ గదులతో సహా సగం గుత్తిని, కొన్ని తేనె పుప్పొడి గురుగుల్ని మెల్లగా కొత్త బొంగులోకి మార్చాలి. కొత్త బొంగును పాత చోట కట్టి, పాతదాన్ని దూరంగా తీసుకెళ్లి కట్టాలి. బయటికి పోయిన ఈగలు అలవాటుగా పాత చోటికే వచ్చి కొత్త ఇంట్లో చేరతాయి, దానికి బలం వస్తుంది. ముసలి రాణి ఉన్న ఇల్లు తనంతట తాను కోలుకుంటుంది. ఆరుగురిలో నలుగురికి ఇది చేతికొచ్చింది. వంట అత్త చేసినన్ని మేమిద్దరం కలిసి కూడా చెయ్యలేదు. కళ్లజోడు లేకుండా రాణి గది కనిపెడుతుంది.

ఇప్పుడు ఆమెకు కొత్త పని పడింది. పెద్ద కూతురికి వై. రామవరం వైపు సంబంధం కుదిరింది. ఓలి మాటలు అయిపోయాయి. పిల్లతో ఒక బొంగు పంపుతానంటోంది అత్త. అల్లుడి ఊళ్లో మట్టిళ్లు పోయి స్లాబులు వచ్చాయి, గోడల్లో ఈగ లేదట. మేము దారి గురించి ఆలోచిస్తున్నాం. తేనె కొత్త అయ్యాక అయితే గురుగులు ఖాళీగా ఉంటాయి, కుదుపుకు పగిలి ఈగలు తేనెలో మునిగే భయం ఉండదు. రాత్రి మూతికి గుడ్డ కట్టి, తెల్లవారకముందే బయలుదేరాలి. జీపులో వెనక సీటు వద్దు, ఒళ్లో పెట్టుకోవాలి. ఒక్క బొంగైతే ఒంటరిది, రెండు పంపండి అన్నాం. రెండోది చీల్చడానికి పిల్లల గదులు ఇంకా చాలడం లేదు. పెళ్లి ఇంకో పక్షం వెనక్కి జరపవచ్చా అని అత్త మగపెళ్లివారికి కబురు పెట్టింది.